పాము చుట్టలో కుందేలు

"ఈ పువ్వు ఎవరు కోశారు?"

పెళ్ళిగదిలో అందరి ముందూ అడిగింది తియాన్ పెద్దమ్మ. జవాబు ఆవిడకి తెలుసు. తెలిసే అడిగింది.

ఆవిడ పెళ్ళికూతురి తల్లికి అక్క. ఎల్లుండి పెళ్ళి. గది ఎలా సర్దారో చూసి రమ్మని ఆడపెళ్ళివారు ఏటి అవతల నుంచి ట్రాక్టర్ మీద పంపించారు. వచ్చీ రాగానే బొంతలు తడిమి చూసింది. పడుకునే మట్టి అరుగు కింద నిప్పు సరిగ్గా పాకుతోందో లేదో అరచెయ్యి పెట్టి చూసింది. పెళ్ళికొడుకు కొత్తగా కొన్న టేప్ రికార్డర్ మీద గుడ్డ తీసి మళ్ళీ కప్పింది. అన్నీ బాగున్నాయంది. అప్పుడు కిటికీ వైపు తిరిగింది.

కిటికీ మధ్యలో తెల్లకాగితం మీద, ఎర్రకాగితంలో కత్తెరతో కోసిన జానెడున్నర గుండ్రటి పువ్వు. పువ్వులో పాము, పాము చుట్టలో కుందేలు. మా లెక్కలో ఏడాదికో జంతువు. పెళ్ళికొడుకు పుట్టింది కుందేలు ఏట, పెళ్ళికూతురు పాము ఏట. మా కనుమలో ఇంతకు మించిన జంట లేదంటారు. ఆ జంటకి గదిలో అంటించే పువ్వు కూడా అదే.

"మా అక్క కోసిందండీ," అంది పెళ్ళికొడుకు తల్లి జిన్‌లాన్, గొంతు తగ్గించి. "ఈ చుట్టుపక్కల మా అక్క చేతిని మించిన చెయ్యి లేదు."

"చేతి సంగతి నేనడగలేదమ్మా. మొగుడి సంగతి అడుగుతున్నాను."

ఆ అక్క గుమ్మంలోనే ఉంది. పేరు త్సైయున్, జిన్‌లాన్‌కి తోడికోడలు. చేతిలో పిండి జిగురు గిన్నె. పువ్వు అంచు ఒకచోట ఇంకా అంటుకోలేదని జిగురు కలుపుకుని అప్పుడే వచ్చింది. వచ్చినది వచ్చినట్టే ఆగిపోయింది.

"పెళ్ళిగది పువ్వు నిండు భాగ్యం ఉన్న మనిషి కొయ్యాలి," అంది తియాన్ పెద్దమ్మ. "మొగుడుండాలి, కొడుకుండాలి, కూతురుండాలి. నేను పెట్టిన రూలు కాదిది. ఈవిడకి కొడుకు లేడని విన్నాను. పోనీ, కూతురుంది కదా, సర్దుకుంటాం. మొగుడు లేకపోతే ఎలా సర్దుకోమంటారు?"

"లేడని ఎవరన్నారు?" అంది త్సైయున్.

"ఉన్నాడని ఎవరన్నారు?"

జిన్‌లాన్ టేప్ రికార్డర్ మీది గుడ్డ మళ్ళీ సర్దింది. అది సరిగ్గానే ఉంది.

త్సైయున్ మొగుడు షువాన్ ఏడేళ్ళ కిందట తూర్పున బొగ్గుగనిలో పనికి వెళ్ళాడు. ఆ శీతాకాలం గని కూలింది. ఆ రోజు లోపలికి దిగాడన్నవాళ్ళున్నారు, దిగలేదన్నవాళ్ళున్నారు. మనిషి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా అత్తగారు స్వయంగా వెళ్ళి త్సైయున్ తలుపుకి ఎర్ర కాగితాలు అంటించేది. చావు ఇంటికి ఎర్రది అంటించరు. దాంతో ఊళ్ళో అందరూ ఆమెని మొగుడున్నదానిగానే చూశారు. ఏడేళ్ళలో ఒక్కరూ ఉన్నాడా లేడా అని అడగలేదు. అది మా మంచితనం అనుకునేరు. మాకు పువ్వులు కావాలి కదా.

"ఇది తీసేసి ఇంకొకరి చేత కోయించండి," అంది తియాన్ పెద్దమ్మ. "లేదా ఆవిడ మొగుడున్నాడని ఇంటి పెద్దలు నా మొహం మీద చెప్పండి. నేను అక్కడ ఆ మాటే చెప్పుకుంటాను. నా చెల్లెలి కూతురు ఆ పువ్వు కింద పడుకోవాలి. నా భయం నాది."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో పెత్తనం లేదు. అందుకే ఎవరికీ కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది.

త్సైయున్ గిన్నె గూట్లో పెట్టి వాకిట్లోకి నడిచింది.

వాకిట్లో మరిది లియాంగ్ గొంతుకూర్చుని పొగాకు గొట్టం పీలుస్తున్నాడు. కొండ తొలిచిన మూడు గదుల ముందు ఒకటే వాకిలి. లోపలి మాటలన్నీ అతనికి వినిపించాయి. వినిపించలేదన్నట్టు కోడివైపు చూస్తున్నాడు.

"లియాంగ్, నువ్వు చెప్పు. మీ అన్న ఉన్నాడా, లేడా?"

"నన్నడిగితే నేనేం చెప్తాను వదినా."

"ఉంటే ఉన్నాడను. లేకపోతే లేడను. పెద్ద కష్టమైన మాట కాదు."

"ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని ఇప్పుడెందుకు ఇదంతా?"

"నేను పెట్టలేదు. పువ్వు కొయ్యమంటే కోశాను. మీ వాడు పుట్టినప్పుడు తొట్టికి పులి కోసింది నేను. బళ్ళో చేరినప్పుడు సంచికి కోసింది నేను. అప్పుడు నా మొగుడి సంగతి ఎవరికీ గుర్తురాలేదే?"

"అప్పుడు అన్న ఇంట్లోనే ఉన్నాడు కదా వదినా," అన్నాడు లియాంగ్. అనేసి నాలిక కరుచుకున్నాడు. "అది కాదు. అమ్మ చెప్పాలి. అమ్మ మాటే మాట. అమ్మ ఉన్నాడంటే ఉన్నాడు."

అందరూ అతని తల్లి హావ్ అవ్వ వైపు తిరిగారు. ఎండలో పీట వేసుకుని పెళ్ళి రొట్టెల్లోకి ఎర్ర రేగుపళ్ళ గింజలు తీస్తోంది అవ్వ. చిన్న చాకు పండులోకి దిగి ఆగింది. అవ్వ తల ఎత్తలేదు.

"త్సైయున్, లోపలికి రా. మోకాలు పట్టేసింది, కాస్త నూనె రాద్దువు గాని."

లియాంగ్ పొగ వదిలాడు. తియాన్ పెద్దమ్మ గుమ్మానికి చేరగిలబడి చేతులు కట్టుకుంది. ఎంతసేపైనా ఉంటానన్నట్టు ఉంది.

అవ్వ గది తలుపు మూసింది. మోకాలు చూపించలేదు. అరుగు అంచున కూర్చుని చాకుని చెంగుకి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"నాకు రాగం తియ్యడం రాదత్తా," అంది త్సైయున్. "ఒక్క మాట చాలు. ఉన్నాడని చెప్పు. ఏడేళ్ళుగా నా తలుపుకి ఎర్రకాగితం నువ్వే అంటిస్తున్నావు. ఆ మాటే ఇవాళ నోటితో చెప్పు. నా కత్తెర ఆగిపోతే నా గది గడప తొక్కేవాళ్ళెవరు? పువ్వులకని వచ్చి నాలుగు మాటలు మాట్లాడి పోతున్నారు. కూతురు ఏడాదికోసారి వస్తుంది. మిగతా రోజులు నేను గోడలతో మాట్లాడుకోవాలా?"

"చెప్తాను."

"మరి చెప్పు."

"వాళ్ళకి చెప్పేముందు నీకు చెప్పాలి."

అరుగు కింద పుల్ల ఒకటి చిటపటలాడి ఆరిపోయింది.

"మూడేళ్ళ కిందట, బిడ్డకి నూరో రోజు పండగని నీ చేత ఒక పువ్వు కోయించాను. గుర్తుందా?"

"అలాంటివి ఎన్ని కోయలేదు!"

"పడమట, గాన్సులో ఎవరికో అన్నాను. లారీ డ్రైవరొచ్చి పట్టుకెళ్ళాడు."

త్సైయున్‌కి గుర్తొచ్చింది. ఆ పువ్వు మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ అత్త పక్కనే కూర్చుంది. ఎన్నడూ లేనిది, బెల్లం నీళ్ళు కాచి తెచ్చి ఇచ్చింది. తల్లీతండ్రుల పుట్టిన ఏళ్ళు తెలియకుండా బిడ్డ పువ్వు కొయ్యరు. అందరినీ అడిగినట్టే త్సైయున్ అప్పుడూ అడిగింది. తండ్రిది కుందేలు ఏడు, తల్లిది కోడి ఏడు అంది అత్త.

అప్పుడు త్సైయున్ నవ్వింది. ఆ నవ్వు కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. "కుందేలుకీ కోడికీ పడదు కదత్తా! ఎదురెదురుగా పెడితే పొడుచుకు చస్తాయి. ఉండు, మధ్యలో తామర పెడతాను, ఇక సర్దుకుంటారులే" అంది. అని, తామర పెట్టింది. రెండు వైపులా రెండు ఆకులు ఎక్కువ వేసి, కుందేలు కాలూ కోడి రెక్కా ఆ ఆకుల్ని తాకేలా కలిపింది. ఎవరో ఊరూ పేరూ తెలియని ఆడదాని కాపురం బాగుండాలని గీత తెగకుండా ఊపిరి బిగబట్టి కోసింది.

"ఆ కుందేలు..." అంది త్సైయున్.

"ఊ."

"మా ఆయనా?"

"నా కొడుకు," అంది అవ్వ. "దక్కాలని, ఎక్కడికీ పోకూడదని, కట్టేసినట్టు ఉండాలని షువాన్ అని పేరు పెట్టుకున్నాను. వాడు గనిలో దిగనే లేదు. అట్నుంచి అటే పోయాడు. రెండేళ్ళకి డ్రైవరు చేత కబురంపాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు."

"బిడ్డ..."

"ఆడపిల్ల."

త్సైయున్ గోడకి ఆనుకుంది. ఏడుపు వస్తుందేమో అని చూసింది. రాలేదు.

"నా చెయ్యని అతనికి తెలిసిందా?"

"తెలీకుండా ఎలా ఉంటుంది? కుందేలు చెవిలో నెలవంక నువ్వు కాక ఎవరు కోస్తారు?" అవ్వ చాకు పక్కన పెట్టింది. "ఇప్పటికీ వాళ్ళ గోడకే ఉందట. రంగు పోలేదని చెప్పి పంపాడు."

ఇంకా ఏదైనా చెప్పి పంపాడేమో అని త్సైయున్ కాసేపు ఎదురుచూసింది. అంతే. రంగు పోలేదు, అంతే.

"ఇప్పుడు పోయి ఆవిడ మొహం మీద చెప్పేస్తాను, నా కొడుకు బతికే ఉన్నాడని," అవ్వ అరుగు దిగబోయింది. "నువ్వు మొగుడున్నదానివి. నీ కత్తెరకి అడ్డేముంది? అందుకే చెప్పానే తల్లీ. లేకపోతే ఈ మాట నాతోనే పోయేది."

"ఎక్కడున్నాడని అడుగుతారు."

అవ్వ దిగబోయినది ఆగింది.

"మొదటి ప్రశ్న అదేగా అత్తా. ఉంటే ఏడీ అంటారు. ఏడేళ్ళు ఎందుకు రాలేదంటారు. అప్పుడు నువ్వేం చెప్తావు? నేనేం చెప్పాలి? రేపటి నుంచి పువ్వులకని వచ్చే ప్రతి ఆడదీ నా మొహంలోకి ఎలా చూస్తుంది?"

అవ్వ మళ్ళీ అరుగు మీద కూర్చుంది. ఉన్న ఒక్క మందూ ఇచ్చేసింది పాపం. అది ఇలా పనిచేస్తుందని అనుకోలేదు.

త్సైయున్ తలుపు తీసింది. వాకిట్లో ఎండ అలాగే ఉంది. తియాన్ పెద్దమ్మ చేతులు విప్పింది.

"లేడండీ," అంది త్సైయున్. "మా ఇంటాయన లేడు. ఏడేళ్ళ కిందటే గనిలో పోయాడు. పువ్వు వేరే వాళ్ళ చేత కోయించుకోండి."

అడిగినావిడే అందరికన్నా ఎక్కువ తడబడింది. "అంటే... నేననేది... అవ్వగారూ, మీరేమంటారు?" అని అవ్వ వైపు చూసింది.

అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. పెదవులు కదిలాయి. బతికున్న కొడుకుని, అదీ ఇంట్లో పెళ్ళి పెట్టుకుని, చచ్చిపోయాడని తల్లి చెప్పాలి. కాదనాలంటే కోడల్ని పదిమందిలో నిలబెట్టాలి. అవ్వ త్సైయున్ వైపు చూసింది. త్సైయున్ అటు చూడలేదు.

"కోడలు చెప్పింది కదా," అంది అవ్వ. పీట మీద కూర్చుని రేగుపళ్ళ గిన్నె ఒళ్ళోకి లాక్కుంది.

లియాంగ్ ఏడ్చాడు. పొగాకు గొట్టం కింద పడేసి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, "అన్నా" అని మాత్రం అన్నాడు. ఏడేళ్ళుగా ఆ ఏడుపుకి అనుమతి దొరకలేదు అతనికి. అది దొంగ ఏడుపు కాదు. అది చూడలేక త్సైయున్ పెళ్ళిగదిలోకి వెళ్ళిపోయింది.

పువ్వుని ఆమే తీసింది. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. ఎక్కడా చిరగలేదు.

మధ్యాహ్నానికి కొత్త పువ్వు కొయ్యడానికి కొండ మీద ఊరి నుంచి గావ్ పిన్నిని ట్రాక్టర్‌లో తెచ్చారు. మొగుడు, నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, అత్తామామలతో సహా అందరూ బతికే ఉన్నారు. ఆవిడ పళ్ళు కూడా ఒక్కటి ఊడలేదు. ఒక్క కొరత, కత్తెర అంతంతమాత్రం.

"నువ్వు కోసినదాన్ని చూసి కొయ్యకూడదంట, అక్కా. దాని నీడ కూడా కొత్తదానికి తగలకూడదని పెద్దమ్మ అంటోంది," అని జిన్‌లాన్ నేల చూపులు చూస్తూ వచ్చింది. "మీ పుట్టింటి పొగకాగితం ఇస్తావా?"

త్సైయున్ పెట్టె తెరిచి ఇచ్చింది.

అది ఆమె తల్లి చేసిన అచ్చు. మంచి పువ్వు కోస్తే దాన్ని తడిపి తెల్లకాగితం మీద పరిచి, దీపం పొగ పట్టిస్తారు. పువ్వు తీసేస్తే చుట్టూ మసి, మధ్యలో పువ్వు ఉన్నంత మేరా తెలుపు. అసలు పువ్వు వెలిసిపోయి చిరిగిపోయినా ఆ తెలుపు ఉండిపోతుంది. ఇరవై ఏడేళ్ళ కిందట త్సైయున్ పెళ్ళిగదికి కోసిన పువ్వు అది. కుందేలు చెవిలో నెలవంక ఆ తల్లి చేతి నుంచే ఆమెకి వచ్చింది. ఆమెది పాము ఏడే. షువాన్‌ది కుందేలే.

అందరూ పెళ్ళిగదిలోనే ఉన్నారు. టేప్ రికార్డర్ పెట్టి చూస్తున్నట్టున్నారు, పాట మొదలవుతోంది, ఆగుతోంది. ఎవరో పెద్దగా నవ్వారు. పక్కింటి కోడలు కొడుకు టోపీకి పులిపువ్వు కావాలని నిన్న చెప్పి వెళ్ళింది, ఇవాళ సాయంత్రం వస్తానంది. వాకిట్లోంచి గొంతు వినిపించింది కానీ ఈ గడప దాకా రాలేదు. త్సైయున్ నీళ్ళు కాచుకుంది. తాగలేదు.

తనని తను ఒంటరిదాన్ని అనుకోవడం ఏడేళ్ళలో ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నదాన్ని అనుకునేది. ఎదురుచూసేవాళ్ళకి కనీసం చేతిలో ఒక పని ఉంటుంది.

తలుపు మీది ఎర్రకాగితాలు చూసింది. ఏడాది ఎండకి పాలిపోయి గులాబీ రంగుకి వచ్చాయి. ఇక వచ్చే నెల కొత్త సంవత్సరానికి వాటి చోట ఏది అంటిస్తారు? ఎవరంటిస్తారు?

"అక్కా!"

జిన్‌లాన్ చెప్పుల చప్పుడు లేకుండా లోపలికి వచ్చి తలుపు వేసింది. కోటు లోపలి నుంచి మడతపెట్టిన ఎర్రకాగితం తీసింది.

"చూడు ఏం చేసిందో."

త్సైయున్ విప్పింది. పాము బాగానే వచ్చింది. తలా, తోకా, మెలికా అన్నీ ఉన్నాయి. చుట్ట మధ్యలో ఏమీ లేదు. గుండ్రటి రంధ్రం.

"కుందేలేదీ?"

"కోసి పారేసింది! పాము ఒంటి నిండా పొలుసులున్నాయి కాబట్టి పోల్చుకుందిట. కుందేలు ఒళ్ళు సాదాగా తెల్లగా ఉంది కదా, పొగకాగితం మీద అది ఖాళీ జాగా అనుకుందిట. చెవిలో ఆ నెలవంక చూసి ఏదో మరక అనుకుందిట. ఏం మనిషక్కా! నలుగురు కొడుకుల్ని ఎలా కందో గాని!"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. జిన్‌లాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొద్దుటి నుంచి ఆ గదిలో వినిపించిన మొదటి నవ్వు అది. ఎక్కువసేపు ఉండలేదు.

"పెద్దమ్మ ఇంకా చూడలేదు. తిని పడుకుంది," అంది జిన్‌లాన్. "నువ్వు కోసివ్వక్కా. ఎవరికీ తెలీనివ్వను. గావ్ పిన్ని కోసిందనే చెప్తాం. ఆవిడా సరేనంది. ఆవిడ చేత్తోనే అంటిస్తుంది."

"పొద్దున నా చెయ్యి పనికిరాదన్నారు."

"చెయ్యి పనికొస్తుందక్కా, మనిషే..." జిన్‌లాన్ ఆగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనలా అనలేదు. నా నోరు పడిపోను. నీకు తెలుసు కదా నేనలా అనలేదని."

"అన్నావులే."

త్సైయున్ పాము కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. రంధ్రంలోంచి వాకిలి కనిపించింది. పీట మీద అవ్వ, ఒళ్ళో గిన్నె. చాకు కదలడం లేదు.

"దీన్ని నాకు వదిలెయ్."

"అశుభం అక్కా! పొయ్యిలో పడెయ్."

"నా కిటికీకి అంటించుకుంటాను. గావ్ పిన్ని తెలియక కోసినా సరిగ్గానే కోసింది."

జిన్‌లాన్‌కి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మంచిదని త్సైయున్ ఇంకేం చెప్పలేదు. కొత్త ఎర్రకాగితం అరుగు మీద పరిచి ఉంది. దాని పక్కన జిన్‌లాన్ కత్తెర పెట్టింది. అది త్సైయున్ కత్తెరే. పొద్దున పెళ్ళిగదిలో వదిలేసి వచ్చింది.

"త్వరగా అక్కా. ఆవిడ లేచేస్తుంది."

త్సైయున్ కాసేపు దాన్ని ముట్టుకోలేదు. తరవాత తీసుకుంది. వేళ్ళు వాటి చోటికి అవే వెళ్ళాయి.

"ఒకటి చెప్పనా అక్కా, ఏమీ అనుకోకు," జిన్‌లాన్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "కుందేలు చెవిలో నెలవంక మాత్రం పెట్టకు. అది చూస్తే ఎవరి చెయ్యో ఈ కనుమలో చంటిపిల్లకి కూడా తెలిసిపోతుంది."

త్సైయున్ పాముని తరవాతకి వదిలేసి, ముందుగా కుందేలుతో మొదలుపెట్టింది. ముందుకాళ్ళు, వీపు, మెడ. చెవి దగ్గరికి వచ్చింది. కత్తెర మొన కాగితంలోకి దిగింది. సన్నటి ఎర్ర తునక ఒకటి ఆమె ఒళ్ళో రాలింది. వంపు తిరిగిన తునక.

"నెలవంక వద్దన్నాను కదక్కా!"

"విన్నాను," అంది త్సైయున్, రెండో చెవి వైపు కాగితం తిప్పుతూ.

పక్కగదిలో తియాన్ పెద్దమ్మ దగ్గిన చప్పుడు వినిపించింది.